దుబాసి మారిన నాడు

ఉగాది సంచికకు చరిత్ర వ్యాసమొకటి వ్రాయవలసినదని సంపాదకవర్గమువారు నన్ను కోరినారు. విజయనగరపు రోజులలో మన పెద్దలు ఈ దక్షిణ సీమకు వచ్చిన వైనమును గురించి వ్రాయగలవారు మన చోళపురములోను, రాజపాళయములోను చాలమంది ఉన్నారు. వారి సరసన నిలువదగినవాడను కాను. మెట్రిక్యులేషను ప్యాసై రైల్వేలో గుమాస్తాగా కాలము గడుపుచున్నవాడను. అందుచేత నిరుడు మన సంఘము పనిలోనే నాకు ఎదురైన ఒక చిన్న సంగతి ఆధారముగా, లోకమంతటను కంప్యూటరు పనివారిని పదేండ్లకు పైగా తిప్పలు పెట్టిన ఒక చరిత్రను చెప్పదలచినాను. ఇది రాజుల కథ కాదు. ఒక దుబాసి కథ.

మన సంఘమునకు సభ్యుల పట్టిక ఉన్నదని అందరికీ తెలిసినదే. అందులో ప్రతి కుటుంబమునకు ఒక నెంబరు కలదు. ఇంటిపేరులోని మొదటి అక్షరము, దాని ప్రక్కన సంఘములో చేరిన వరుసను బట్టి ఒక సంఖ్య: క-14, ప-6, వ-22 అన్నట్లు. ఈ నెంబరు పట్టికకే పరిమితము కాదు. పిల్లల చదువులకిచ్చు సహాయనిధి చిట్టాలో ఉన్నదియు ఈ నెంబరే. కాలధర్మము చెందిన పెద్దలను స్మరించు పుటలో పేరు ప్రక్కన ఉండునదియు ఇదే. పాత సంచికలు తీసి చూచినచో ఏ కుటుంబము ఎక్కడిదో ఈ నెంబరును బట్టియే పోల్చుకొనవలెను.

పూర్వము ఇదంతయు చేతితో వ్రాసెడివారు. 2012 ప్రాంతమున ఇంజనీరింగు చదువుచుండిన మన కుర్రవాడొకడు సెలవులలో కూర్చుండి దీనికొక ప్రోగ్రాము వ్రాసి ఇచ్చినాడు. పేర్లను చేరిన వరుసలో తెలుగున ఎక్కించి ఉంచుట వరకే మన పని. ఆ తరువాత ఒక్క ఆజ్ఞ ఇచ్చిన చాలును. అది ఇంటిపేర్లను అక్షరములవారీగా విడదీసి, నెంబర్లు వేసి, స్మృతిపుటను కట్టి, తెలుగు లిపి రాని మన పిల్లల కొరకు తమిళ లిపిలో మరియొక ప్రతి సిద్ధము చేసి, అచ్చాఫీసుకు ఇవ్వదగిన పుటలుగా తెచ్చి పెట్టును. ఇండ్లలో తెలుగే మాటలాడుకొనుచు బడిలో తమిళమే నేర్చుకొను పిల్లలు మనకెందరో ఉన్నారు గదా. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అన్నింటికి ఒక్కటే అక్షరము. తెలుగు ప్రతి నుండి తమిళ ప్రతిని తీయవచ్చును గాని, తమిళ ప్రతి నుండి తెలుగు ప్రతిని తిరిగి తీయలేము. కాబట్టి తెలుగున ఎక్కించిన ఆ మూలమే మనకు ఆధారము.

ఇట్టి ప్రోగ్రామును ఇంగ్లీషున బిల్డ్ టూల్ అందురు. పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో 1955 నుండి రైలుపెట్టెలు తయారగుచున్నవి. చక్రములు, అడుగుభాగము, గోడలు, సీట్లు వేరు వేరు చోట్ల సిద్ధమై, ఒక వరుసలో వచ్చి చేరిన గాని పెట్టె కాదు. ఆ వరుస తప్పకుండ చూచువాడొకడు ఉండవలెను. కంప్యూటరు ప్రపంచములో ఆ పని చేయునది బిల్డ్ టూల్. మనది చిన్నది, నాలుగు వందల పంక్తులు ఉండవచ్చును. బ్రౌజర్ల వంటి పెద్దవాటిని కూర్చునవి మహా యంత్రములు. కాని జబ్బు రెండింటికి ఒక్కటే వచ్చినది.

నిరుడు పాత కంప్యూటరు పని మందగించినదని క్రొత్తది కొన్నాము. ఉగాదికి నెల ముందు ఎప్పటివలె ఆజ్ఞ ఇచ్చితిని. పైథాన్ అను పేరుగలవారు ఇచట లేరని జవాబు వచ్చినది. కాలేజీలో చదువుచున్న వేరొక కుర్రవాడిని పిలిపించినాను. అతడు చూచి నవ్వి, "ఇంతే గదా అన్నా, ఉన్నాడు, పేరు మారినది అంతే" అని, పైథాన్ అని పిలిచినచో పైథాన్ 3 పలుకునట్లు ఏర్పాటు చేసినాడు. అప్పుడు ప్రోగ్రాములో కొన్ని పంక్తులు తప్పని మొరాయించినది. వాటికి బ్రాకెట్లు తగిలించినాడు. అరగంటలో అంతా సాఫీగా నడిచినది. పుటలు వచ్చినవి. కాఫీ త్రాగి ఇంటికి పోయినాము. అక్కడితో కథ ముగిసినదనుకొంటిమి. ముగియలేదు. ఎందువలన ముగియలేదో చెప్పుటకు ముందు ఈ పైథాన్ ఎవరో చెప్పవలెను.

కంప్యూటరునకు దాని భాష తప్ప మన భాష రాదు. మనము వ్రాసినదానిని చదివి పంక్తి వెంట పంక్తి దానికి వినిపించి పని చేయించు మధ్యవర్తిని ఇంటర్‌ప్రెటర్ అందురు. ఈ మాటకు మనకు మంచి మాట ఉండనే ఉన్నది: దుబాసి. 1639లో ఇంగ్లీషువారు మదరాసులో కాలు మోపిన నాడు వారికి మాట సాయము చేసినది బేరి తిమ్మన్న అను దుబాసియే. తరువాత కాలమున కర్నల్ మెకంజీ ఊరూర తిరిగి శాసనములు, కైఫీయతులు సేకరించినప్పుడు ఆయనకు చెవియు, నోరును అయినవాడు ఏలూరి ప్రాంతపు కావలి వెంకట బొర్రయ్య. బొర్రయ్య 1803లో చిన్న వయసుననే మరణించెను. అయినను పని ఆగలేదు. తమ్ముడు లక్ష్మయ్య అన్న చేతి క్రింద పని చేసి, ఆయన కాగితములు, పద్ధతులు ఎరిగినవాడగుటచే 1821లో మెకంజీ పోవునంతవరకు నడిపించినాడు. దుబాసి మారినను పాత కాగితము చదువగలిగినచో పని చెడదు. కంప్యూటరువారి భాషలో దీనినే బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అందురు. వెనుకటి వ్రాతకు విలువ తగ్గకుండుట అని మనము చెప్పుకొనవచ్చును.

పైథాన్ అట్టి దుబాసి. హాలండు దేశస్థుడైన గీడో వాన్ రాసమ్ 1989 డిసెంబరులో సెలవు రోజులలో దీనిని మొదలు పెట్టి, 1991లో లోకమునకు ఇచ్చినాడు. పేరు పాము పేరే అయినను అతడు పెట్టినది పామును తలచి కాదు, ఇంగ్లండులో టెలివిజనులో వచ్చిన మాంటీ పైథాన్ అను హాస్య కార్యక్రమమును తలచి. చదువుటకు సులభమైన భాష కావున వేగముగా వ్యాపించినది. 2000 అక్టోబరులో రెండవ తరము వచ్చినది. అంతవరకు క్రొత్త మార్పులు వచ్చినను పాత వ్రాత దాదాపు అట్లే నడిచెడిది. 2008 డిసెంబరు 3వ తేదీన మూడవ తరము వచ్చినది. ఈసారి పాత వ్రాతలో కొంత చెల్లదని ముందే తెలిసి, కావలెననియే చేసినారు.

ఎందుకు చేసినారని కోపగించుకొనవచ్చును. నేనును మొదట కోపగించినాను. కాని అందులో మన తెలుగుకు జరిగిన మేలు ఒకటి ఉన్నది. "తెలుగు" అను మాటను కంటితో చూచి లెక్కించినచో మూడక్షరములు. కంప్యూటరులో త, ఎత్వము, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు గుర్తులు. ఆ గుర్తు ఒక్కొక్కటి దాచుటకు మూడేసి గదులు పట్టును గనుక మొత్తము పదునెనిమిది గదులు. ఆ మాట పొడవెంత అని రెండవ తరము దుబాసిని మామూలుగా అడిగినచో 18 అని చెప్పెడివాడు. అతడు చూచునది గదులనే గాని గుర్తులను కాదు. అక్షరములుగా చూడుమని చెప్పుటకు వేరే ఏర్పాటు ఉండెను గాని దానిని వాడినవారు తక్కువ. ఇంగ్లీషు అక్షరమునకు ఒక్కటే గది కాబట్టి ఇంగ్లీషువారికి ఈ తేడా తెలియనే తెలియదు. మూడవ తరము వాడు 6 అని చెప్పును. మనవలె మూడు అనలేకపోయినను, వ్రాతను వ్రాతగా చూచినాడు. ఇంగ్లీషు కాని భాషలన్నిటికి ఇది న్యాయము. ఈ న్యాయము చేయవలెనన్నచో పాత లెక్క కొంత తప్పక చెడును. అది సరే.

చెడినవాటిలో రెండు విధములు ఉన్నవి. ఒకటి గోల చేసి చెడునది. తెరమీద వ్రాయుమను ఆజ్ఞకు పూర్వము బ్రాకెట్లు అక్కరలేదు, ఇప్పుడు కావలెను. లేనిచో వెంటనే మొరాయించును. తెలిసిపోవును, దిద్దుకొందుము. రెండవది నోరెత్తక చెడునది. ఏడును రెండుతో భాగించుమన్నచో పాతవాడు మూడు అనెడివాడు, సగము వదలివేసెడివాడు. క్రొత్తవాడు మూడున్నర అనును. ఇద్దరిలో ఎవరును తప్పని చెప్పరు. అడిగినవాడు మాత్రము ఏ జవాబు నమ్మి ముందుకు పోయినాడో అది అతని ఖర్మ. మొదటి విధము కంటె ఈ రెండవ విధమునకు భయపడవలెను.

ఇక పేరు సంగతి. పైథాన్‌లో వ్రాసిన కాగితము మొదటి పంక్తిలో దీనిని ఎవరు చదువవలెనో వ్రాయు అలవాటు యూనిక్స్, లైనక్స్ కంప్యూటర్లలో ఉన్నది. ఉత్తరము పైని చిరునామా వంటిది. ఒక్కడే ఉన్న రోజులలో అందరును పొట్టిగా పైథాన్ అని వ్రాసినారు. ఊరిలో ఒక్కడే పోస్టుమాస్టరు ఉన్నప్పుడు పోస్టుమాస్టరుగారికి అని వ్రాసిన చాలును గదా. ఇద్దరు అయినప్పుడు ఆ పొట్టి పేరునకు ఎవరు పలుకవలెను?

2010 అక్టోబరులో ఆర్చ్ లైనక్స్ అను పంపిణీవారు తమ వద్ద పైథాన్ అన్నచో మూడవ తరమే పలుకునని మార్చివేసినారు. పాతవానికి పైథాన్2 అని పేరిచ్చినారు. మిగిలినవారి వద్ద పొట్టి పేరునకు పాతవాడే పలుకుచుండెను. ఒకే చిరునామా, ఊరికొక మనిషి. పోనీ అని మొదటి పంక్తిలో పైథాన్2 అని నిండుగా వ్రాయుదమన్నచో, చాల చోట్ల ఆ పేరే ఇంకను పెట్టి ఉండలేదు. ఈ చిక్కు తీర్చుటకు 2011లో పైథాన్ పెద్దలు 394వ నెంబరు సూచనపత్రము వెలువరించినారు. దాని సారాంశమిది: పాతవాడు పైథాన్2 అన్న పలుకవలెను. క్రొత్తవాడు పైథాన్3 అన్న పలుకవలెను. పొట్టి పేరు ప్రస్తుతమునకు పాతవానికే ఉండనిండు. వ్రాయువారు మాత్రము నిండు పేరు వ్రాయుడు.

ఇది చదివినప్పుడు నాకు మా తాతగారు చెప్పిన పైసా సంగతి జ్ఞాపకము వచ్చినది. 1957 ఏప్రిల్ 1వ తేదీకి ముందు రూపాయికి పదునారణాలు, అరువది నాలుగు పైసలు. ఆ తేదీ నుండి రూపాయికి నూరు పైసలు. పేరు ఒక్కటే, విలువ వేరు. బజారులో తగవు రాకుండ ప్రభుత్వమువారు క్రొత్తదానికి నయా పైసా అని పేరు పెట్టినారు. పాత నాణెములను వెంటనే రద్దు చేయలేదు. కొంతకాలము రెండును కలిసి చెలామణి అయినవి. అణాకు ఆరు, రెండణాలకు పన్నెండు, మూడణాలకు పందొమ్మిది, నాలుగణాలకు ఇరువదియైదు నయా పైసలని పట్టికలు వేసి అంటించినారు. నాలుగు మార్లు అణా మార్చుకొన్నవానికి ఇరువది నాలుగే వచ్చును, ఒకేమారు నాలుగణాలు మార్చుకొన్నవానికి ఇరువదియైదు వచ్చును. మన ఏడును రెండుతో భాగించిన లెక్క వంటిదే ఇదియు. టిక్కెట్టు కిటికీల వద్ద ఈ పైసా కొరకు ఎన్ని మాటలు పడినారో, ఆ కుర్చీలో కూర్చున్నవాడను కాబట్టి నేను ఊహించుకొనగలను. 1964 జూన్ 1వ తేదీ నుండి నయా అను మాట తీసివేసినారు. అప్పటికి పాత పైసా ఎవరికిని అడ్డు రాలేదు. పొట్టి పేరు క్రొత్తదానికి చెందినది. పైథాన్3 అనగా నయా పైసా. నయా తీయుటకు మనవారికి ఏడేండ్లు పట్టినది. అచట అంతకంటె ఎక్కువ పట్టినది.

ఎందుకనగా అచట అడ్డుపడినవి ముఖ్యముగా బిల్డ్ టూళ్లే. మామూలు ప్రోగ్రామును దాని యజమాని దిద్దుకొనును. బిల్డ్ టూల్ ఊరందరిది. అది కదిలినచో దాని మీద ఆధారపడిన వేలకొలది ప్రోగ్రాములు కదలవలెను. అందుచేత అది చివరకు గాని కదలదు. ఒక ఉదాహరణ చెప్పెదను. జావాస్క్రిప్ట్ పనివారు నోడ్ అను సాధనము వాడుదురు. అందులో కొన్ని భాగములను యంత్రభాషకు కూర్చుటకు నోడ్-జిప్ అను బిల్డ్ టూల్ ఉన్నది. అది గూగుల్‌వారు క్రోమియమ్ కొరకు వ్రాసిన జిప్ అను పైథాన్ ప్రోగ్రాము మీద నిలిచినది. చాల ఏండ్లు దానికి రెండవ తరము పైథానే కావలసియుండెను. పైథాన్ అని పిలిచినప్పుడు మూడవ తరము వాడు పలికినచో, ఇతడు నాకు పనికిరాడు, పాతవానిని పిలువుమని చెప్పి పని ఆపివేసెడిది. పాపము, పైథాన్‌లో ఒక్క పంక్తియైన వ్రాయనివారు కూడ దీనికి చిక్కినారు. తమ ఇంటికి వచ్చిన తాపీమేస్త్రీ ఏ దుబాసితో మాటలాడునో ఇంటివానికి ఏమి తెలియును?

ఇంకొక చిత్రము. సెంటాస్ 7 అను లైనక్స్‌లో క్రొత్త ప్రోగ్రాములు తెచ్చి పెట్టు యమ్ అను సాధనము రెండవ తరము పైథాన్‌లో వ్రాసినది. ఉత్సాహవంతులు కొందరు పొట్టి పేరును మూడవ తరమునకు మార్చినారు. మార్చగనే యమ్ మూగవోయినది. చెడినదానిని బాగుచేయు సాధనమే చెడినది. తరువాత 2019లో వచ్చిన రెడ్ హ్యాట్ 8లో ఈ బాధ లేకుండ, వ్యవస్థ తన సొంత పనికి వేరే ఒక దుబాసిని లోపల ప్రత్యేకముగా పెట్టుకొన్నది. బయటివారు ఏ పేరు ఎవరికి ఇచ్చుకొన్నను దానికి ఫరవాలేదు. మన స్టేషన్లలో ప్రయాణికుల గడియారము ఎవరు త్రిప్పినను, బండ్లు నడుపు గడియారము వేరుగా తాళములో ఉన్నట్లు అనుకొనుడు.

సర్దుకొనుటకు సాయములు లేకపోలేదు. పాత వ్రాతను క్రొత్తదానికి మార్చు ప్రోగ్రాము పైథాన్‌వారే ఇచ్చినారు. ఇద్దరికిని అర్థమగునట్లు ఒకే వ్రాత వ్రాయుటకు సిక్స్ అను పరికరము వచ్చినది. రెండును మూడును హెచ్చించినచో ఆరు గదా, ఆ చమత్కారమే ఆ పేరు. అయినను జనము కదలలేదు. రెండవ తరమునకు 2015లో విశ్రాంతి ఇచ్చెదమని మొదట అనుకొని, 2014లో ఆ గడువును 2020 వరకు పొడిగించినారు. గడువు పొడిగించుట మంచి పనియా కాదా అని అడిగినచో నేను మంచిదే అందును. తెలివిగలవారు కొందరు సోమరులకు ఊతమిచ్చినట్లయినదని అందురు. పింఛను కాగితములు కదలుటకు ఎంత కాలము పట్టునో చూచినవాడు ఆ మాట అనడు.

2019 నుండి బండి వేగము పుంజుకొన్నది. గూగుల్‌వారి బేజెల్ అను బిల్డ్ టూల్ ఆ ఏడు, ప్రత్యేకించి చెప్పనిచో మూడవ తరమే అని తన అలవాటు మార్చినది. దానికి ముందు ఆ మార్పునకు ఒక మీట పెట్టి, కావలసినవారు ముందుగా వేసి చూచుకొనునట్లు, సిద్ధము కానివారు కొంతకాలము పాత దారిననే పోవునట్లు చేసినారు. ఇది నాకు బాగున్నది. ఫెడోరావారు ఆ ఏటి అక్టోబరులో పొట్టి పేరును మూడవ తరమునకు ఇచ్చినారు. 394వ పత్రమును కూడ అదే ఏడు సడలించి, పొట్టి పేరు ఎవరికి ఇచ్చుటయో పంపిణీదారులు నిర్ణయించుకొనవచ్చునని సవరించినారు. 2020 జనవరి 1వ తేదీతో రెండవ తరమునకు పోషణ ఆగినది. ఏప్రిల్‌లో 2.7.18 అను చివరి కూర్పు వచ్చినది. ఆ ఏటనే స్కాన్స్ అను పాత బిల్డ్ టూల్ తన నాలుగవ కూర్పులో రెండవ తరమును వదలినది. అంతకు ముందు 2017 నుండి మూడేండ్లు ఇద్దరితోను పని చేసి, అప్పుడు వదలినది. మన లక్ష్మయ్య అన్న చేతి క్రింద పని నేర్చినట్లు.

డెబియన్‌వారు, ఉబుంటువారు చేసినది వేరు. 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటులో పొట్టి పేరునకు ఎవరును పలుకరు. పాతవాడు కావలెనన్నచో ఒక చిన్న మూట, క్రొత్తవాడు కావలెనన్నచో మరియొక చిన్న మూట తెచ్చి పెట్టుకొని, ఎవరు పలుకవలెనో ఇంటివారే చెప్పవలెను. రెడ్ హ్యాట్ 8లోను ఇంతే. ఇది చూచి నవ్వినవారున్నారు. నాకు మాత్రము ఇందులో రైల్వే బుద్ధి కనిపించినది. రాత్రివేళ సిగ్నలు దీపము ఆరిపోయి ఉన్నచో డ్రైవరు దానిని ఏమని చదువవలెను? దారి ఇచ్చినదని కాదు, ఆపుమన్నదని చదువవలెనని నిబంధన. బండి ఆలస్యమగును, ప్రయాణికులు తిట్టుదురు, కాని ఎదుటి బండిని గుద్దుకొనదు. తప్పు మనిషి పలుకుట కంటె ఎవరును పలుకకుండుట మేలు.

డెబియన్ 2021 కూర్పులో పాత పైథాన్‌ను ఇంకను ఉంచినారు. ఎందుకనగా, కొన్ని ప్రోగ్రాములను కూర్చుటకు అతడు లేక తీరలేదు. వాడుకకు కాదు, బిల్డ్ పనికి మాత్రమే అని చెప్పియే ఉంచినారు. 2023 కూర్పులో అతడును పోయినాడు. ఆపిల్‌వారు 2022 మార్చిలో మ్యాక్ నుండి తీసివేసినారు. ఇంతతో తీరినదా అనగా, 2023 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.12లో ప్రోగ్రాములను కూర్చుటకు మొదటి నుండి ఉండిన డిస్ట్‌యుటిల్స్ అను పాత భాగమును తొలగించినారు. రెండు సంవత్సరముల ముందే హెచ్చరించినను, దాని మీద ఆధారపడిన నోడ్-జిప్ పాత కూర్పులు మరల ఆగినవి. మూడవ తరము లోపలనే ఇది జరిగినది.

ఇప్పుడు మన పట్టికకు వచ్చెదను.

పుటలు అచ్చుకు పోవుటకు ముందు రోజున, స్మృతిపుటలోని పేర్లు సరిగా ఉన్నవో లేవో చూపవలెనని మా వీధిలోని పెద్దమ్మగారి వద్దకు తీసికొని పోయితిని. ఆమెకు తెలుగు లిపి వచ్చును. కళ్లజోడు పెట్టుకొని భర్తగారి పేరు వ్రేలితో చూపి, "ఏమిరా, మీ పెద్దనాయన నెంబరు మార్చితిరేమి?" అన్నది. చూచితిని. క-14 ఉండవలసిన చోట కొం-1 అని ఉన్నది. ఆ క్రింద ఇంకొకరికి కొత-1. ఇంకొకరికి కాక-1. పట్టిక నిండ ఒకటవ నెంబరువారే.

నాకు కాళ్లు ఆడలేదు. "పెద్దమ్మా, మీరు చూడకపోతే అచ్చయి పోయేది" అంటిని. "నలభై ఏండ్లుగా చూచుచున్న నెంబరు, కనబడదా?" అన్నది.

కారణము రెండు రోజులకు గాని దొరకలేదు. పాత ప్రోగ్రాము వ్రాసిన కుర్రవాడు తెలివైనవాడే. రెండవ తరము దుబాసి గదులనే చూచునని, తెలుగు గుర్తునకు మూడు గదులని ఎరిగినవాడు. ఇంటిపేరు మొదటి అక్షరము కావలసిన చోట మొదటి మూడింటిని తీయుమని వ్రాసినాడు. మూడు గదులు తీసినచో కొండపల్లి అను పేరులో క వచ్చును, కొత్తపల్లిలోను, కాకర్లలోను క వచ్చును. అందరును క క్రింద చేరెడివారు. మూడవ తరము వాడు మూడు గుర్తులు తీసినాడు. కొండపల్లిలో క, ఒత్వము, సున్న కలిసి కొం అయినది. కొత్తపల్లి కొత అయినది. కాకర్ల కాక అయినది. ప్రతి రెండు మూడిండ్లకు ఒక క్రొత్త వర్గము ఏర్పడి, నెంబర్లు ఒకటి నుండి మొదలైనవి. ఎక్కడను తప్పు చూపలేదు. బ్రాకెట్లు లేవని అంత గోల చేసినవాడు, నాలుగు వందల కుటుంబముల నెంబర్లు తారుమారు చేసి కిక్కురుమనలేదు.

అట్లే అచ్చయి ఉన్నచో ఏమగును? జూన్‌లో సహాయనిధి దరఖాస్తులు వచ్చును. చిట్టాలో క-14. పట్టికలో క-14 లేడు. కుటుంబము సంఘములో ఉన్నదా లేదా అని ప్రశ్న. బడి తెరచు రోజులలో ఆ ప్రశ్నకు జవాబు వెదుకుచు కూర్చున్నచో ఫీజు గడువు దాటిపోవును.

తప్పెవరిది? పైథాన్ పెద్దలది కాదు. పేరు మార్చి పెట్టిన పిల్లవానిది కొంత, కాని అతడు నేను కోరినదే చేసినాడు. మొదటి పంక్తిలో పైథాన్2 అని నిండు పేరు లేకపోవుట అసలు లోపము. ఆ పేరు ఉండినచో ఆ దుబాసి ఇక్కడ లేడని తేటతెల్లముగా తెలిసి, వ్రాత అంతయు చూచి దిద్దియుందుము. అన్నిటికంటె పెద్ద తప్పు నాది. బండి కదిలినదని సంతోషించితిని గాని సరియైన దారిన పోవుచున్నదా అని చూడలేదు. పాత పుటను క్రొత్త పుట ప్రక్కన పెట్టి చూచుటకు పది నిమిషములు చాలును.

తరువాత చేసినది చెప్పెదను, ఇతర ఊళ్ల సంఘములవారికి పనికి రావచ్చును. మూలకు చేర్చిన పాత కంప్యూటరును తీసి దుమ్ము దులిపినాము. మెల్లగానైనను లేచినది. అందులో పాత దుబాసితో పాత ప్రోగ్రామును నడిపి పట్టిక తీసినాము. ప్రోగ్రామును మూడవ తరమునకు తగినట్లు దిద్ది, మొదటి పంక్తిలో పైథాన్3 అని నిండుగా వ్రాసి, మూడింటికి బదులు ఒకటి తీయుమని మార్చి క్రొత్తదానిలో నడిపినాము. రెండు పట్టికలను కంప్యూటరు చేతనే పంక్తికి పంక్తి పోల్పించినాము. మొదటిసారి పదకొండు తేడాలు వచ్చినవి. రెండు చందాల లెక్కలో భాగహారము వలన వచ్చినవి, మిగిలినవి తమిళ ప్రతిలో పేరు పొడవు కొలుచుట వలన వచ్చినవి. దిద్దినాము. రెండవసారి ఒక్కటియు రాలేదు. అప్పుడే అచ్చుకు పంపినాము. క్రొత్త కంప్యూటరులో పొట్టి పేరునకు పెట్టిన ఏర్పాటును తీసివేయించినాను. ఇప్పుడు పైథాన్ అని పొట్టిగా పిలిచినచో అందులో ఎవరును పలుకరు.

పాత కంప్యూటరును అమ్మివేయుదమని కమిటీలో ఒక మాట వచ్చినది. ఇంకొక ఏడు ఉండనిమ్మని నేను కోరినాను. ఒప్పుకొన్నారు. బీరువాలో క్రింది అరలో ఉన్నది.

ఈ సంచిక చివర అచ్చయిన పట్టిక కూడ పై విధముగా తీసినదే. సభ్యులు తమ నెంబరును పాత సంచికతో పోల్చి, తేడా ఉన్నచో ఏప్రిల్ నెలాఖరులోగా కార్యదర్శిగారికి గాని నాకు గాని తెలుపగలరు. జూన్‌లో నిధి దరఖాస్తులు చూచుటకు ముందే దిద్దెదము.